లేదన్నది ఎవరు?

1964లో నేను అనకాపల్లిలో ఒక చిన్న ధర్మాసుపత్రిలో స్టాఫ్ నర్సుని. గానుగలాడే రోజులు కావడంతో మా ఓపీ, అంటే బయటి రోగుల్ని చూసే గది, బెల్లం పెనాల దగ్గర చేతులు కాల్చుకున్నవాళ్లతో కిటకిటలాడేది. ఆ రద్దీలోనే దేవరాపల్లి నుంచి అప్పలనరసమ్మ అనే రైతు ఇల్లాలు ఏడేళ్ల కొడుకుని ఎత్తుకుని వచ్చింది. పిల్లాడి పేరు సింహాచలం.

వాడు ఎవరి మొహమూ చూడడు. ముట్టుకుంటే కెవ్వుమంటాడు. వరండాలో కూర్చుని, అచ్చం బస్సు కండక్టరు గొంతుతో "రైట్, రైట్!" అంటుంటే జనం నవ్వారు. నేనూ నవ్వాను.

"నీ పేరేంటి నాన్నా?" అన్నాను.

"నీ పేరేంటి నాన్నా?" అన్నాడు, నా గొంతుతోనే.

"ఆడంతేనమ్మా. మనమేటంటే అదే తిరిగి అంతాడు," అంది తల్లి. "ఊళ్లో పిచ్చోడంతారు. నాను దానికోసం రానేదు. సెవి నొప్పెడతంది ఆడికి. ఎప్పుడూ నేంది తల గోడకేసి కొట్టుకుంతన్నాడు."

ఇప్పుడైతే ఇలాంటి పిల్లల్ని ఆటిజం ఉన్నవాళ్లంటున్నాం. అప్పట్లో మా ఆసుపత్రిలో ఆ మాట ఎవరూ విని ఉండరు. పిచ్చి అని అందరినీ ఒకే గాటన కట్టేసేవాళ్లం. సరే, పేరు తెలియకపోతే పోనీ, చెవి నొప్పికి పేరు తెలుసు కదా!

డాక్టరుగారు పట్నంలో చదువుకొచ్చిన మనిషి. పిల్లాడు కుర్చీలో ఊగుతుంటే దూరం నుంచే చూసి, "ఏరా, నొప్పి లేదు కదా?" అన్నారు.

"నొప్పి లేదు కదా," అన్నాడు వాడు.

"వాడే చెబుతున్నాడుగా లేదని! తల కొట్టుకోవడం ఆ పిచ్చిలో భాగమే."

అప్పలనరసమ్మ రెండు చేతులూ జోడించింది. "బాబూ, మా ఇంట్లో నేదంతాం. లేదనీవోళ్లు మా ఊళ్లోనే నేరు. ఆడు లేదన్నాడంటే అది మీ మాటే బాబూ, ఆడిది కాదు. ఒక్కపాలి సెవిలోకి సూడండి."

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఆ చుట్టుపక్కల పల్లెల్లో లేదు అన్న మాటే లేదు, అందరూ నేదు అనేవాళ్లే. నేను గబగబా ఓటోస్కోప్ తెచ్చాను. చెవిలోకి చూడటానికి దీపం బిగించిన చిన్న పరికరం అది.

"నేను పట్టుకుంటాను సార్, చూడండి," అన్నాను.

"పిచ్చివాడి చేత తన్నులు తినమంటావా సిస్టర్? బయట ఎంతమంది ఉన్నారో చూశావా?"

"పిచ్చోడైతే సెవి నొప్పెట్టదేటి బాబూ?" అంది అప్పలనరసమ్మ.

ఆయన చీటీ ముందుకి లాక్కున్నారు. బ్రోమైడ్ మిక్స్చర్ రాశారు. అది మనిషిని మగతగా పడి ఉండేలా చేసే మందు. సీసా అందుకుని, "ఇది సెవికా బాబూ, పిచ్చికా?" అని అడిగింది ఆవిడ. "రెండింటికీ," అన్నారాయన. పచ్చి అబద్ధం! నేను ఎదురు చెప్పబోతే, నోరు మూసుకుని పని చూసుకోమన్నారు.

మందు పని చేసింది. పిల్లాడు తల కొట్టుకోవడం మానేశాడు. తగ్గుతోందని ఇంటిల్లిపాదీ సంతోషించారట. మగతలో ఉన్నవాడు తల కొట్టుకోలేడు, అంతే. లోపల చీము చెవి వెనక ఎముకలోకి, అక్కడి నుంచి మెదడు పొరల్లోకి పాకింది. మళ్లీ తీసుకొచ్చేసరికి ఒళ్లు కాలిపోతోంది, మెడ కర్రలా బిగుసుకుపోయింది. పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇచ్చి విశాఖపట్నం పంపించాం. అక్కడ ఆపరేషన్ చేసి, ఎముకలో చీము తీసి బతికించారు. కానీ ఆ జబ్బు రెండు చెవుల వినికిడినీ తీసుకుపోయింది.

కొన్నాళ్లకి కట్టు మార్పించడానికి మా దగ్గరికే వచ్చారు. పిల్లాడు అదే వరండాలో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. గేటు ముందు బస్సు ఆగింది. కండక్టరు "రైట్, రైట్!" అని అరిచాడు. వాడు తల తిప్పలేదు.

డాక్టరుగారు అటుగా వెళ్తూ ఆగి, "ఏరా, నొప్పి లేదు కదా?" అన్నారు. పిల్లాడు పలకలేదు.

"చూశావా సిస్టర్, ఎదురు మాట మానేశాడు. కుదుటపడ్డాడు."

అప్పలనరసమ్మ లేచి నిలబడింది. ఈసారి చేతులు జోడించలేదు.

"ఆడికి ఇనపడదు బాబూ. మాటంటే ఇన్న మాటే ఆడికి. ఇప్పుడాడి నోట మీ లేదూ నేదు, మా నేదూ నేదు."

ఆయన విననట్టే వెళ్లిపోయారు. ఆ మనిషి మీద నా కోపం ఇప్పటికీ చావలేదు, చావనివ్వను కూడా. ఆ తర్వాత ఎన్నో వార్డుల్లో పనిచేశాను. నా కింద నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి పిల్లకీ మొదటిరోజే చెప్పేదాన్ని: నొప్పి లేదు కదా అని ఏ రోగినీ అడక్కండి, అది ప్రశ్న కాదు, మీకు కావలసిన జవాబు. నోట మాట రాని వాడైతే అసలు అడగనే వద్దు, దగ్గర కూర్చుని చూడండి. చూడమనే కదా ఆ తల్లి అడిగింది.