బాబాయిని ఓడించిన పాట

ఆ రోజుల్లో (మరీ తాతల కాలమేం కాదు, సెల్‌ఫోన్లు వచ్చాకే) గుంటూరులో ఎమ్మే ఇంగ్లీషు చదివేవాడికి భూమ్మీద కాళ్లు ఆనేవి కావు. నాకైతే మరీనూ. అప్పుడు మా క్లాసులో పదిహేడో శతాబ్దపు ఇంగ్లండు వీధిపాటల పాఠం నడుస్తోంది. నాయకుల్ని ఎగతాళి చేస్తూ పాట కట్టి, జనానికి వచ్చిన వరసలోనే పెట్టి, ఒక్క కాగితం మీద అచ్చేసి వీధుల్లో పాడుతూ అమ్మేవాళ్లట. రాజు పక్షం వాళ్లయితే పార్లమెంటు వాళ్లని "బీరు కాచేవాళ్లు, బండి తోలేవాళ్లు మనల్ని ఏలడమా!" అని వెక్కిరించేవాళ్లట. అది చదివి నాకు పూనకం వచ్చింది.

సరిగ్గా అప్పుడే అద్దంకి దగ్గర మా ఊళ్లో బాబాయి సర్పంచి పదవికి నిలబడ్డాడు. అది ఆయనకి ఎన్నాళ్లనుంచో ఉన్న కోరిక. ఎదుటి మనిషి, ఊరంతా గోతాల మావయ్య అని పిలిచే మిరప రైతు. నేను ఆగమేఘాల మీద వెళ్లి కోలాటం వరసలో పాట కట్టాను. "మోపెడు మీద వస్తాడు, మిర్చి యార్డులో గోతాల మీద పడుకుంటాడు, మిరప ఘాటుకి అందరితో కలిసి తుమ్ముతాడు, ఈయనా మన సర్పంచి?" కరపత్రాలు అచ్చేయించి, ఆటోకి మైకు కట్టి, నేనే పాడాను (రాగం తీసి మరీ, సిగ్గులేకుండా).

"పాట అదిరిందిరా అబ్బాయ్!" అన్నారంతా. పొంగిపోయాను. పంట అమ్మడానికి వెళ్లి ఆ గోతాల మీద పడుకోని మగాడు మా ఊళ్లో అరుదన్న సంగతి నా బుర్రకి తట్టలేదు. చివరికి ఒక ముసలమ్మ ఆటో ఆపి, "నిజమే నాయనా, కాయలు అమ్ముడుపోయేదాకా మావాడికి తోడుగా అక్కడే పడుకున్నాడు. మరి మీ బాబాయి ఎక్కడ పడుకుంటాడయ్యా?" అంది. మా బాబాయి పంట అమ్మడానికి గుంటూరు వెళ్తే లాడ్జిలో, ఏసీ గదిలో పడుకుంటాడు. మైకు ఆపేశాను.

బాబాయి ఓడిపోయాడు. ఊరేగింపు మా గుమ్మం ముందుకి వచ్చింది. పాడుతున్నది నా పాటే, "ఈయనే మన సర్పంచి!" అని కొస మార్చి. గోతాల మావయ్య ట్రాక్టరు దిగి, "ఏరా అల్లుడూ, మావాళ్లు కూడా ఇంత బాగా రాయలేదురా!" అంటూ తన దండ నా మెడలో వేశాడు. వరండాలోంచి చూస్తున్న బాబాయి కండువా దులుపుకుని లోపలికి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. పిన్ని మాత్రం, "అన్నానికి రా. ఆ దండ బయటే పారేసి రా" అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇప్పుడు ఆ పాఠం నేనే చెబుతున్నాను. మొన్న ఒకమ్మాయి లేచి, "ఇలాంటి పాటలవల్ల నిజంగా ఎవరైనా ఓడిపోయారా సార్?" అని అడిగింది.

"ఓడిపోయారమ్మా" అని నవ్వి, బోర్డు వైపు తిరిగాను. ఏ దేశంలోనో మాత్రం చెప్పలేదు.