గడప కడిగే వేళ

ఈ ఉదయం కోడలు ప్లాంటులో డ్యూటీకి బయల్దేరగానే, పనిచేసే బాయి బకెట్టు నింపుకుని గడప కడగబోయింది. కాసేపు ఆగమన్నాను. అప్పట్నుంచీ భిలాయి సెక్టర్ 2లోని ఈ రెండు గదుల్లో కూర్చోలేక, నిలవలేక తిరుగుతున్నాను.

మా పెద్దల వీధి విశాఖపట్నంలో హార్బరుని ఆనుకుని ఉండేది. ఓడల్లో బొగ్గు వేసేవాళ్ళో, నేవీ డాకులో పనిచేసేవాళ్ళో ఇంటికొకరు ఉండేవారు. మగవాడు ఓడెక్కితే, ఆ ఓడ కొండ మలుపు దాటి సముద్రంలో పడేదాకా ఆ ఇంటి గడప కడిగేవారు కారు. మా నాయనమ్మ మేడెక్కి చూసి, దాటిందని చెప్పాకే వీధిలో నీళ్ళ చప్పుడు వినబడేదట. తర్వాత వీధి చివర పెద్ద గోడ లేచి ఓడలు కనబడటం మానేశాక, ఓడ కూత విని కడిగేవారు.

భిలాయిలో ఉక్కు ప్లాంటు కడుతున్నారని తెలిసి ఆ వీధి నుంచి ఎనిమిది కుటుంబాలు వచ్చి, అక్కడ ఎవరి పక్కన ఎవరుండేవారో అదే వరసలో క్యాంప్ 1లో ఇళ్ళు వేసుకున్నాయి. సముద్రం ఒక్కటే లేదు. మా అమ్మ దానికీ దారి చూసింది. షిఫ్టు సైరన్ మోగేదాకా గడప మీద చుక్క పడకూడదంది. నాన్న సైకిలు తీస్తూ, "ఓడేటి, సముద్రమేటి? నీళ్ళు లేని ఊళ్ళో మునిగిపోతానేటి?" అని వెక్కిరించేవారు. "నిప్పుకాడికి ఎల్తన్నావు గదా, అది సముద్రం కన్నా సిన్నదేటి?" అనేది అమ్మ. ఆయన సైకిలెక్కేసేవారు.

నా భార్య ఆ ఎనిమిదిళ్ళలో నాలుగో ఇంటి పిల్ల. పోయినేడు వానల్లో ఆమెని అంబులెన్సులో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. స్ట్రెచరు మోసినవాళ్ళ బురద కాళ్ళతో గడప పాడైందని, బండి మలుపు తిరగకముందే కోడలు నీళ్ళు పోసి కడుగుతుంటే వెనక అద్దంలోంచి చూశాను. ఈ ఊళ్ళోనే కోహ్కాలో పుట్టి పెరిగిన పిల్ల, మా పద్ధతి ఎవరూ చెప్పలేదు. నా భార్య తిరిగి రాలేదు. గుండె జబ్బుకీ గడప నీళ్ళకీ సంబంధం లేదని నాకు తెలుసు. అయినా ఈ సంగతి కోడలికి ఇంతవరకూ చెప్పలేదు. చెబితే ఆ పిల్ల జన్మంతా మోస్తుంది.

ఇందాక కోడలు హెల్మెట్టు మరిచిపోయి వెనక్కి వచ్చింది. బాయిని ఏదో అడిగి నా దగ్గరికొచ్చి, "'బాబూజీ రోక్ దియే' అంటోంది. గడప కడగొద్దని ఎందుకాపారు మామయ్యా?" అంది.

తడి మీద నువ్వు జారతావని అన్నాను.

"నేను వెళ్ళిపోయాను కదా," అని నవ్వి, స్కూటీ తీసింది.

విశాఖలో ఆ వీధిలో ఇప్పుడు అపార్టుమెంట్లున్నాయట. క్యాంప్‌లో మావాళ్ళవి రెండిళ్ళే మిగిలాయి. ఒక వీధి మొత్తం పాటించిన పద్ధతి ఇప్పుడు నమ్మకం లేని ముసలాడి దగ్గర, ఒక అబద్ధం చాటున ఉంది. నాతోనే పోతే ఆ పిల్లకి మంచిది. పోవాలని మాత్రం అనుకోలేకపోతున్నాను.

సైరన్ మోగింది. బాయి నా వైపు చూసింది. ఇక కడగమన్నాను.