మళ్ళీ రండి

హోటల్ మేనేజ్‌మెంట్ చదివి మంత్రాలయంలో లాడ్జి రిసెప్షన్, కడపలో ఆసుపత్రి క్యాంటీన్ చూశాక కర్నూలులో సొంతంగా క్యాటరింగ్ పెట్టాను. మొదటి ఆర్డరు ఓ రైతు పెద్దకర్మ భోజనాలు. తిని వెళ్తున్నవాళ్ళకు గుమ్మం దగ్గర చేతులు జోడించి, లాడ్జిలో అలవాటైన "మళ్ళీ రండి" అనేశాను. చావు జరిగిన ఇంట్లో అనకూడని మాట. అందరూ ఆగిపోయారు. కొడుకు నా చొక్కా పట్టుకున్నాడు.

గోడకానుకుని కూర్చున్న ఆ రైతు భార్య తల కూడా ఎత్తలేదు.

"ఇడిసిపెట్టు నాయనా. నేను పోయినప్పుడు రావల్ల గదా," అంది.

ఆ తర్వాత గిన్నెలు ఎప్పుడు సర్దుకున్నానో గుర్తులేదు.

నిరుడు ఆమె పెద్దకర్మకూ ఆ కొడుకు నన్నే పిలిచాడు. అప్పుడు వచ్చినవాళ్ళంతా మళ్ళీ వచ్చారు. గుమ్మం దగ్గర చేతులు మాత్రం జోడించి నిలబడ్డాను.