మా గోడకు బొట్టు

కొత్త గదికి రెండు పసుపు రంగులు తెచ్చి, గోడ మీద పక్కపక్కనే కాస్త పూసి చూసుకున్నాం. ముదురుది నాకు నచ్చింది, లేతది మా ఆయనకు. వారం నుంచి ఇద్దరం తగ్గలేదు. ఈ రోజు కోహీర్ నుంచి అత్తమ్మ వచ్చారు. నేను చాయ్ తెచ్చేలోపు నా రంగు మీద మూడు కుంకుమ బొట్లు!

"అమ్మా, గిదేంది?" అన్నారు మా ఆయన.

"గోడకు పసుపు రాసిన్రు, బొట్టు వెట్టుడు మర్సిన్రు. నేనే వెట్టిన."

"మరి పక్కదానికి వెట్టలే?"

"అదేం పసుపురా? పప్పు ఒలికినట్టున్నది."

వంటింట్లోకి పరుగెత్తి, నోట్లో కొంగు కుక్కుకుని నవ్వాను. బొట్టు పెట్టిన రంగును కాదనే ధైర్యం ఆయనకు లేదు. రేపు పెయింటర్ వస్తాడు. ఆ బొట్ల మీద రంగు వేయించే ధైర్యం నాకూ లేదు. మీరైతే ఏం చేస్తారు?