ఇద్దరూ తప్పుకున్న కుర్చీ

ఒక మహాసంగ్రామం గురించి చెబుతాను. రెండు పార్టీలు, బంధువుల వైరం, సింహాసనం అన్నీ ఉన్నాయి. నిజానికి అది నంగునూరు దగ్గరి ఒక పల్లెలో సహకార సంఘానికి అధ్యక్షుణ్ణి ఎన్నుకునే సమావేశం. సింహాసనమంటే చెక్క కుర్చీ.

కొన్నేళ్ల కిందట, నాట్లకు ముందు, సిద్దిపేటలో సహకార శాఖ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్న నన్ను దానికి ఎన్నికల అధికారిగా వేశారు. ఇప్పుడు రిటైరయ్యానని చెప్పుకుంటాను గానీ, ముప్పై నాలుగేళ్ల వయసుకే ఉద్యోగం వదిలేసినవాణ్ణి రిటైర్డ్ అనకూడదని తోటివాళ్లు అంటారు. పింఛను విషయంలో వాళ్ల మాటే నిజం.

పద్ధతి చిన్నదే. రైతులు డైరెక్టర్లను ఎన్నుకుంటారు, డైరెక్టర్లు తమలో ఒకరిని అధ్యక్షుడిగా ఎన్నుకుంటారు. నామినేషన్లు వేశాక ఉపసంహరణకు కొంత గడువుంటుంది. అభ్యర్థి స్వయంగా వచ్చి సంతకం చేయాలి. చేశాక మనసు మార్చుకుంటానంటే కుదరదు. ఎవరు తప్పుకున్నదీ గడువు ముగిశాకే ప్రకటించాలి.

నామినేషన్లు రెండే వచ్చాయి. ఒకటి మల్లారెడ్డిది, రెండోది ఆయన భార్య తమ్ముడు భూంరెడ్డిది. చెరొక పార్టీ. కిందటి ఎన్నికలో బావ గెలిచినప్పటి నుంచి భూంరెడ్డి అక్క గడప తొక్కలేదు.

గడువు మొదలవగానే మల్లారెడ్డి నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"సార్, నేను తప్పుకుంట. అన్నం ముంగట కూసుంటే చాలు, తమ్ముడు వస్తలేడు, తమ్ముడు వస్తలేడని మా ఇంటామె గదే ముచ్చట. గా కుర్చేదో వానికే ఇస్తే వస్తడేమో. ఇప్పుడే చెప్పకుండ్రి, నాకు భయపడ్డడని ఊరంత చాటుతడు."

చెప్పనన్నాను. సంతకం పెట్టి వెళ్లాడు. కాసేపటికి భూంరెడ్డి వచ్చాడు. తలుపు ఆయనా దగ్గరగానే వేశాడు.

"మా బావ గుండెకు స్టెంటేసిన్రు సార్. ఓడితే తట్టుకోడు. కుర్చీ గాయిన్నే ఉంచుకోనియ్యుండ్రి."

ఇంకొంచెం ఆలోచించమన్నాను. నిబంధనలు నన్ను అంతవరకే మాట్లాడనిచ్చాయి.

"వారం సంది ఆలోచించుడే అయింది. పెన్ను ఇయ్యుండ్రి."

గడువు ముగిశాక డైరెక్టర్ల ముందు ప్రకటించాను: బరిలో ఎవరూ మిగల్లేదు.

భూంరెడ్డి లేచాడు. "నీకేమన్న తెలివున్నదా బావా?"

"నీకున్నదారా? కుర్చీ నీకే ఇడుస్తనని మావోళ్ల గదుమలు పట్టుకొని బతిలాడి ఒప్పించి వచ్చిన."

"మావోళ్లను నేను ఒప్పియ్యలేదా?"

ఇన్నేళ్లలో వాళ్లు మాట్లాడుకున్న మొదటి మాటలు అవే కాబట్టి ఎవరూ అడ్డుపడలేదు. మల్లారెడ్డి భార్యకు ఫోన్ చేశాడు. "బియ్యం ఇంకో గిద్దెడు ఎక్కువ పొయ్యి. నీ తమ్ముని తోల్కొస్తున్న. తెలివి మాత్రం గట్లనే ఉన్నది." ఇద్దరూ ఒకే బండి మీద, తప్పు ఎవరిదో ఇంకా తేల్చుకుంటూనే వెళ్లారు.

ఒక డైరెక్టర్ నెమ్మదిగా అడిగాడు. "అయితే సార్, యూరియా చిట్టీల మీద దస్కతు ఎవలు పెడ్తరు?"

మళ్లీ ఎన్నిక జరిగేదాకా శాఖ ఉద్యోగి ఒకరు పర్సన్ ఇన్‌ఛార్జిగా సంఘాన్ని నడపాలి. అందరూ నా వైపే చూశారు.

పోటీ చేసేవాళ్ల కారణాలు కరపత్రంలో దొరుకుతాయి. తప్పుకునేవాళ్ల కారణాలు ఇంట్లో ఉంటాయి, వాటిని అధికారి అడగకూడదు. నేను నేర్చుకున్నది అంతే.

ఆ కుర్చీలో కూర్చున్నాక తెలిసింది, దాని వెనక కాలు ఒకటి పొట్టిది. కింద అట్టముక్క పెట్టుకోవాలి.