గుమ్మంలో సున్నం

నేను టీకా సరిగా వేయకపోవడం వల్లే మా బ్రాయిలర్ కోళ్లు కొక్కెర తెగులుతో చచ్చాయని కూర్మన్నపాలెంలో అందరూ చెప్పుకుంటారు. అబద్ధం. రెండు టీకాలూ నా చేత్తోనే వేశాను. తెగులు బయటి చెప్పులతో వస్తుందని షెడ్డు గుమ్మంలో ట్రే నిండా సున్నం పోసి, మా ఆయన చేత కూడా అందులో కాలు పెట్టించేదాన్ని. కోడిపిల్లల్ని ఇచ్చే కంపెనీ సూపర్‌వైజరు మాత్రం ఒక పొద్దున దాన్ని దాటేసి లోపలికొచ్చాడు.

"బాబూ, సున్నంలో కాలెట్టి రా," అన్నాను.

"కొత్త బూట్లమ్మా. నానేటి కోడినా, రోగం రాడానికి?"

"కోడికి బూట్లుండవు గదా. అందుకే నీకు సెప్తన్నాను."

నవ్వేసి షెడ్డంతా తిరిగాడు. వారం తిరిగేసరికి కోళ్లు మెడలు వంకరపోయి కూలబడ్డాయి. తప్పు నాదేనని రిపోర్టు రాసిందీ అతనే. దాని మీద సంతకం పెడితేనే మళ్లీ పిల్లల్నిస్తారట. పెట్టను. ఆ పొద్దున మా దగ్గరికి రాకముందు అతను ఎవరి షెడ్డులో తిరిగాడు, అక్కడి కోళ్లు ఎలా ఉన్నాయి?