ఎర్రనీళ్ళలో కడిగిన బదనిక

ఆ రోజుల్లో మాకు సూక్ష్మజీవి అంటే శత్రువు, అంతే. పిల్లిపెసర వేళ్ళ బుడిపెల్లో ఉండి పైరుకు మేలు చేసే బాక్టీరియా గురించి బి.ఎస్సీ. పరీక్షలో రెండు పేజీలు రాసినవాణ్ణే నేను, కాదనను. కానీ పరీక్షలో రాసింది ఇంట్లో కూడా పనికొస్తుందని మాకెవరూ చెప్పలేదు. చిన్నప్పుడు మా నందిగామలో కలరా వచ్చిన ఏడాది బావుల్లో ఎర్రమందు, అంటే పొటాషియం పర్మాంగనేటు, కలపడం చూశాను. ఆ నీళ్ళు గులాబీరంగుకు తిరుగుతుంటే అమ్మ 'ఇంక భయం లేదురా' అన్న మాట నా మనసులో పాతుకుపోయింది. అందుకే జగ్గయ్యపేట హైస్కూల్లో సైన్సు మాస్టారుగా చేరగానే మొదటి జీతంతో నేను కొన్నది బట్టలు కాదు, ఎర్రమందు సీసా. చేతులు, కూరగాయలు, చెంబులు, చివరికి చిల్లరడబ్బులు కూడా ఆ నీళ్ళలో ముంచేవాణ్ణి. పిల్లలు నాకు 'ఎర్రనీళ్ళ మాస్టారు' అని పేరు పెట్టారు. (ఆ పేరు నాకు తెలియదని వాళ్ళనుకునేవాళ్ళు. తెలిసి లోలోపల మురిసిపోయేవాణ్ణి.)

వైశాఖంలో పెళ్ళయింది. అమ్మాయిది ముక్త్యాల దగ్గర, కృష్ణ ఒడ్డునే ఓ పల్లె. బళ్ళు తెరిచేనాటికి పేటలో ఓ ముస్లిం కుటుంబం వాళ్ళ ఇంట్లో రెండు గదుల వాటా అద్దెకు తీసుకుని కాపురం పెట్టాం. కొత్త కోడలి వెంట పుట్టింటి పెద్దావిడ ఒకరు వచ్చి, పిల్ల కుదురుకునేదాకా నెలో రెండు నెలలో ఉండి వెళ్ళడం మా వైపు ఆనవాయితీ. అలా మా ఆవిడ వెంట వాళ్ళ నాయనమ్మ వచ్చింది. ఆవిడ చేతిలో బట్టలమూట, రొంటిన ముక్కుపొడి డబ్బీ. మా ఆవిడ చేతిలో మాత్రం ఓ వంకర మామిడి మొద్దు, దాన్ని కరుచుకుని కొబ్బరిపీచుతో కట్టిన ఓ మొక్క ఉన్నాయి. వాళ్ళ తోటలో మామిడిచెట్టు మీద పెరిగే బదనిక అది. ఇంగ్లీషు పుస్తకాల్లో ఆర్కిడ్ అంటారని నేను గంభీరంగా చెప్పాను. ఆ అమ్మాయి "ఔనాండీ" అని, దాన్ని వసారా దూలానికి వేలాడదీసుకుంది. ఏటా దాని మొదటి పూలు తన జడలోకేనట. నాతో మాట్లాడ్డానికి సిగ్గుపడే పిల్ల, దాంతో మాత్రం నీళ్ళు చిలకరిస్తూ ఏవేవో కబుర్లు చెప్పేది.

నాయనమ్మ ముక్కుపొడి పీల్చిన వేళ్ళను కొంగుకు తుడుచుకుని, అదే చేత్తో పాలు తోడుకోవడానికి చేమిరి వేసేది. నేను వారం రోజులు ఓర్చుకున్నాను. ఎనిమిదో రోజు పాఠం చెప్పేశాను. "నాయనమ్మ గారూ, మీ గోళ్ళ సందుల్లో లక్షల కొద్దీ సూక్ష్మజీవులు ఉంటాయండీ!"

"లక్షలా!" అని ఆవిడ తన చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "నాకు ఏటిపక్క రెండెకరాలే ఉందనుకుంటన్నా ఇన్నాళ్ళూ. ఇంత ఆస్తి ఉందని మా ముసలాయన చెప్పనేలేదే!"

నేను నవ్వలేదు. నవ్వి ఉంటే ఈ కథ అక్కడే అయిపోయేది. ఇంకో అరగంట పాఠం చెప్పి, ఎర్రనీళ్ళ బేసిను ఆవిడ ముందు పెట్టాను. మర్నాడు పొద్దున్నే ఆవిడ మూట కట్టేసింది. "అబ్బాయి శుభ్రమైనోడు. నేనుంటే ఇబ్బంది" అని మనవరాలి తల నిమిరి బస్సెక్కింది. ఇల్లు శుభ్రపడిందని నేను ఊపిరి పీల్చుకున్నాను, బుద్ధిలేనివాణ్ణి.

ఆ రాత్రి పాలు పెరుగు కాలేదు. ఆ మర్నాడూ కాలేదు. "చేమిరి గిన్నె కూడా ఎర్రనీళ్ళలో ముంచారాండీ?" అని మా ఆవిడ నెమ్మదిగా అడిగింది. ముంచానని గొప్పగా చెప్పాను. (పెరుగు ఎవరి దయవల్ల తోడుకుంటుందో తరగతిలో బల్ల గుద్ది మరీ చెప్పేది నేనే!) ఆ తరవాతి ఆదివారం ఆ అమ్మాయి పేరంటానికి వెళ్ళింది. ఏదైనా చేసి ఆమె మొహంలో సంతోషం చూడాలని మనసు ఒకటే పీకుతోంది. వసారాలో బదనిక కనబడింది. వేళ్ళనిండా నల్లటి మకిలి, పాకుడు, చివికిన బెరడు ముక్కలు. ఇంత మురికిలో పాపం పువ్వెలా పూస్తుందనుకున్నాను. కట్లు విప్పి, సబ్బునీళ్ళు పోసి, నా పళ్ళు తోముకునే బ్రష్షుతో వేరు వేరునా తోమి, చిక్కటి ఎర్రనీళ్ళలో గంటసేపు నానబెట్టి, మొద్దును కూడా తెల్లగా గీకి మళ్ళీ కట్టాను. ఊదారంగు వేళ్ళతో మొక్క వేలాడుతుంటే, మెచ్చుకోలు కోసం గుమ్మంలో నిలబడ్డాను.

ఆమె వచ్చి చాలాసేపు చూసింది. "కడిగారా?"

"కడిగా. చూస్తూండు, ఇంక ఎలా పెరుగుతుందో!"

"అది మా చెట్టు బెరడండీ" అంది. లోపలికి వెళ్ళిపోయింది.

రోజులు గడిచేకొద్దీ ఆకులు ముడతలుపడి వేలాడిపోయాయి. (ఆర్కిడ్ వేళ్ళ మీదే కాదు, వేళ్ళ లోపల, ఆకుల లోపల కూడా కంటికి కనబడని బాక్టీరియా కాపురముంటాయని మొన్నీమధ్య మా మనవరాలు చెప్పింది. అవి మొక్కను పీల్చుకు తినవట సరికదా, వేళ్ళు సాగడానికి కావలసిన మందులాంటిది తయారుచేసి పెడతాయట, కొన్ని గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయట, తెగుళ్ళను దగ్గరికి రానివ్వవట. లోపలివాటిని నేనేం చేయగలిగానో తెలియదు గానీ, పైనున్న చుట్టపక్కాలందరినీ మాత్రం బ్రష్షు పెట్టి మరీ తరిమాను. వేళ్ళ చర్మం కూడా ఊడింది.) మొక్కతోపాటు మా ఆవిడా వాడిపోయింది. వండేది, వడ్డించేది, "ఊఁ" అనేది. అంతలో ఆషాఢం వచ్చింది. కొత్త కోడళ్ళు పుట్టింటికెళ్ళే నెల. వాళ్ళన్నయ్య వచ్చాడు. "మొక్కని తీసుకెళ్ళవా?" అన్నాను. "ఎందుకండీ" అని బండెక్కింది.

ఇల్లు అద్దంలా ఉంది. అందులో నేనొక్కణ్ణే. ఇంటిగలావిడ, మేం బీబీ గారు అనేవాళ్ళం, గోడ మీదుగా తొంగిచూసి, "పిల్ల మొహం చూసే పంపావా మాస్టారూ? శ్రావణానికి తిరిగొచ్చే మొహం కాదయ్యా అది" అంది. నాకు భయం పట్టుకుంది. ఎర్రమందు వేస్తే తగ్గే భయం కాదది. ఆ ఆదివారమే మొక్కను సైకిలు క్యారేజీకి కట్టుకుని ముక్త్యాల దారి పట్టాను.

సగం దారిలో గుర్తొచ్చింది, ఆషాఢంలో కొత్తల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదని. తొక్కితే ఊరంతా నవ్వుతుంది. వెనక్కి తిరగడానికి మనసొప్పలేదు. నేరుగా వాళ్ళ మామిడితోటలోకి పోయి, చెట్టు కింద దొంగలా నిలబడ్డాను. దూరాన్నుంచి నన్ను చూసిన మా అత్తగారు "అయ్యో, అల్లుడుగారే!" అని బిందె అక్కడే వదిలేసి ఇంట్లోకి పరిగెత్తి తలుపేసుకుంది. కాసేపటికి నాయనమ్మ వచ్చింది. ఆవిడ వెనకే మా ఆవిడ.

"ఏం మనవడా, ఇంత దూరం వచ్చావ్? ఇక్కడ కడగడానికేమన్నా మిగిలిందా?" అంది నాయనమ్మ.

దారిపొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ పోయాయి. "ఇది నా దగ్గర బతకట్లేదండీ. దీన్ని దీనివాళ్ళ దగ్గర కట్టేసి పోదామని వచ్చా" అన్నాను. మా ఆవిడ మొక్కను అందుకుంది. పాత బదనికలున్న కొమ్మ దగ్గర, చివికిన బెరడు మధ్యలో వేళ్ళు సర్దింది. నేను పీచు చుట్టి ముడి వేశాను.

"దీన్ని ఇక్కడ వదిలి ఒక్కరే పోతారా?" అంది కొమ్మ వైపే చూస్తూ.

"నాయనమ్మ గారు కూడా వస్తే... శ్రావణంలో... నువ్వూ వస్తావేమో అని..."

నాయనమ్మ నడుమున చేయి పెట్టుకుంది. "నేను ముక్కుపొడి మాననబ్బాయ్."

"మానొద్దండీ."

"ఆ ఎర్రనీళ్ళలో చెయ్యి పెట్టను."

"పెట్టొద్దండీ."

"నా లక్షల ఆస్తి కూడా ఎంటబెట్టుకునే వస్తా మరి!"

"తప్పకుండా తీసుకురండి. రెండు గదులున్నాయిగా, సర్దుకుంటాం" అన్నాను. మా ఆవిడ పకపకా నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. పెళ్ళయ్యాక ఆమె నవ్వగా వినడం అదే మొదలు. నాకు కళ్ళనీళ్ళు తిరిగితే, సైకిలు గొలుసు సరిచేస్తున్నట్టు వంగాను.

శ్రావణంలో ఇద్దరూ వచ్చారు. నాయనమ్మ నెలా రెండు నెలలా కాదు, మా పిల్లలిద్దరికీ నీళ్ళు పోసి, పోయేదాకా మాతోనే ఉంది. తోటలో బదనిక వానలకు మెల్లగా తేరుకుని, రెండేళ్ళకు పూసింది. దాన్ని మళ్ళీ ఇంటికి తెచ్చే ఊసు ఎవరం ఎత్తలేదు.

ఈమధ్య ఓ సాయంత్రం, ఇంతకాలం అడగనిది మా ఆవిణ్ణి అడిగాను. "ఆవేళ నేను రాకపోయుంటే శ్రావణంలో వచ్చేదానివేనా?"

చిక్కుళ్ళు ఒలుస్తూ తలెత్తకుండా చెప్పింది: "లేదండీ. రాననే అమ్మతో చెప్పేశా. సామాను తెమ్మని అన్నయ్యని మీరొచ్చిన మర్నాడే పంపుదామనుకున్నాం."

ఇన్నేళ్ళ కాపురం, పిల్లలు, మనవలు, అంతా ఆ ఒక్క ఆదివారం మీద ఆధారపడి ఉందన్నమాట. ఎండలో రొప్పుతూ సైకిలు తొక్కుతున్న ఆ ఇరవైమూడేళ్ళ కుర్రాడు కళ్ళముందు మెదిలాడు. వాడంత తెలివితక్కువవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. అయినా ఆ ఒక్క రోజు మాత్రం, వెధవ, సరైన వేళకే బయల్దేరాడు.